మేఘగర్భంలో రేడియో

వానకాలపు సాయంకాలం. రేడియోలో కచేరీ మంచి పట్టుమీద ఉన్నది. ఇంతలో ఆకాశంలో ఒక మూల మెరుస్తుంది. ఆ క్షణంలోనే పెట్టెలో బరబరమని రొద లేచి గాయకుని గొంతును మింగివేస్తుంది. ఉరుము మాత్రం ఇంకా వినబడదు. అది తీరికగా, కొంతసేపటికి గాని రాదు. ఇటువంటి రోజు గడచిన తరువాత మా కేంద్రానికి వచ్చే ఉత్తరాల ధోరణి నాకు దాదాపు కంఠస్థం. తప్పు మాది కాదు, మేఘానిది అని సమాధానం వ్రాయటం తప్ప మేము చేయగలిగినది లేదు. కాని ఆ రొద వెనుక ఒక చరిత్ర కలదు. రేడియోకు అడ్డు తగిలిన మేఘమే క్రమంగా రేడియోకు చదువవలసిన గ్రంథమైనది. ఆ చదువు కొరకు కొందరు మనుష్యులు విమానాలలో మేఘాల కడుపులోనికే పోయినారు.

ఈ కథకు మొదటి పురుషుడు రాబర్ట్ వాట్సన్-వాట్ అనే స్కాట్లండు దేశస్థుడు. మొదటి ప్రపంచయుద్ధం నాటి నుండి ఆయన పని ఈ రొదతోనే. మెరుపు వలన పుట్టిన రేడియో అలజడి ఏ దిక్కు నుండి వస్తున్నదో కనిపెట్టి, అక్కడ ఉరుముల మేఘం ఉన్నదని వైమానికులను హెచ్చరించటం ఆయన సంకల్పం. ఇరవై యేండ్ల తరువాత బ్రిటిష్ ప్రభుత్వం శత్రువిమానాలను దూరం నుండే పసిగట్టే మార్గం అడిగినప్పుడు ఆయనకూ, ఆయన సహాయకుడు ఆర్నాల్డ్ విల్కిన్సుకూ ఆ అనుభవం అక్కరకు వచ్చినది. 1935 ఫిబ్రవరి 26న డావెంట్రీ సమీపాన ఒక పొలంలో వ్యాను నిలిపి, అందులో గ్రాహకాన్ని అమర్చి, ఆకాశంలో ఒక హేఫోర్డ్ బాంబరు విమానాన్ని ఇటూ అటూ తిప్పించినారు. విమానం మీద పడి తిరిగివచ్చిన రేడియో తరంగం గ్రాహకపు తెరపై కదలాడినది. ఆ తరంగాన్ని పంపినది సైనిక యంత్రమేమీ కాదు, డావెంట్రీలోని బి.బి.సి. వారి హ్రస్వతరంగ ప్రసార కేంద్రం. రాడార్ పుట్టినరోజున మంత్రసాని పని చేసినది ఒక ప్రసార కేంద్రమని చెప్పుకొనటంలో మా వృత్తివారికి కొంత అతిశయం ఉంటే పాఠకులు మన్నింతురు గాక.

ఆ తరంగం పొడవు 49 మీటర్లు. అటువంటి తరంగానికి విమానం కనబడుతుంది గాని వాన కనబడదు. కొన్ని మిల్లీమీటర్ల చినుకు దానికి లెక్కలోనికే రాదు. ఏటి వరద గడ్డిపరకను గమనించనట్లే. చినుకు నుండి తిరిగివచ్చే ప్రతిధ్వనికి ప్రకృతిలో ఒక లెక్క ఉన్నది. తరంగాన్ని సగానికి కుదిస్తే ప్రతిధ్వని 16 రెట్లు పెరుగుతుంది. చినుకు వ్యాసం రెండింతలైతే 64 రెట్లు పెరుగుతుంది. కాబట్టి వానను చూడదలచినవాడు ముందు తరంగాన్ని చిన్నది చేయవలె.

అది జరిగినది వాన కొరకు కాదు, యుద్ధం కొరకు. 1940 ఫిబ్రవరిలో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ రాండాల్, హారీ బూట్ అనే ఇద్దరు భౌతిక శాస్త్రజ్ఞులు మాగ్నెట్రాన్ అనే పరికరాన్ని కొత్త రీతిలో నిర్మించి, దాదాపు 10 సెంటీమీటర్ల తరంగాలను మునుపెన్నడూ లేనంత బలంగా పుట్టించినారు. సూక్ష్మతరంగాలని మనం పిలిచేవి ఇవే. అరచేతిలో ఇమిడే ఆ పరికరాన్ని అదే సంవత్సరం సెప్టెంబరులో సర్ హెన్రీ టిజార్డ్ దౌత్యబృందం అమెరికాకు చేర్చినది. తరంగం చిన్నదైతే దానిని ఒక దిక్కుకు మళ్ళించే ఏరియల్ కూడా చిన్నదవుతుంది. అంతవరకు మైదానాలలో ఎత్తైన స్తంభాల మీద ఉన్న రాడార్ విమానపు ముక్కులోనికి వచ్చి కూర్చున్నది.

అప్పుడే చిక్కు వచ్చినది. శత్రువిమానం కొరకు తెర మీద వెదుకుతూ ఉంటే ఎక్కడెక్కడి నుండో తెల్లని మరకలు అడ్డం వచ్చేవి. అవి వానజల్లులు! మన శ్రోతలు ఉరుముల రొదను తిట్టినట్లే నాటి రాడార్ సిబ్బంది వీటిని తిట్టుకొన్నారు. వాన ఎంత మేరకు రాడార్‌ను మరుగుపరచగలదో లెక్కగట్టమని ఇంగ్లండులో జె. డబ్ల్యు. రైడ్ అనే శాస్త్రజ్ఞుని కోరినారు. ఈ విద్యకు ఆయన లెక్కలే పునాది. అడ్డు ఎంతో తెలిస్తే వాన ఎంతో కూడా తెలుస్తుంది గదా! కెనడాలో ఈ సూత్రాన్ని తిరగేసి పట్టుకొన్న జె. ఎస్. మార్షల్, డబ్ల్యు. పామర్ 1948లో చినుకుల పరిమాణాలను గురించి ఒక చిన్న వ్యాసం ప్రకటించినారు. ప్రతిధ్వని బలాన్ని బట్టి గంటకు ఎన్ని మిల్లీమీటర్ల వాన అని చెప్పే సమీకరణాలలో ఈనాటికీ వారి పేర్లు వినబడుతూ ఉన్నవి.

అయితే తెర మీది మరక మేఘం లోపలి సంగతి చెప్పదు. లోపల గాలి ఎటు పోతున్నది? పైకా, క్రిందికా? ఎంత వేగంతో? ఇది పండితుల కుతూహలం మాత్రమే కాదు. 1940 ఆగస్టు 31న అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో ఉరుముల వాన వేళ ఒక ప్రయాణికుల విమానం నేలకూలి, అందులోని 25 మందీ మరణించినారు. మృతులలో ఒక సెనేటరు ఉన్నాడు. యుద్ధం ముగిసిన వెంటనే ఉరుముల మేఘాన్ని సమగ్రంగా పరిశోధించటానికి ఒక పెద్ద ప్రణాళిక ఏర్పడినది. దానికి నాయకుడు చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన హొరేస్ బయర్స్. ఆయన సహచరులలో యువకుడైన రాస్కో బ్రాహం ముఖ్యుడు.

1946లో ఫ్లోరిడాలోను, 1947లో ఒహాయోలోను వారు చేసిన పని తలచుకొంటే నేటికీ ఒళ్ళు జలదరిస్తుంది. యుద్ధంలో రాత్రివేళ శత్రువులను వేటాడటానికి నిర్మించిన పి-61 విమానాలను తెచ్చినారు. వాటి ముక్కులో 10 సెం.మీ. రాడార్ ఉండేది. ఆ విమానానికి సైనికులు పెట్టిన పేరు ‘బ్లాక్ విడో’, అనగా ఒక విషపు సాలెపురుగు. నేల మీది రాడార్ మంచి మేఘాన్ని ఒకదానిని ఎన్నుకొనేది. దాని ఆజ్ఞ ప్రకారం అయిదు విమానాలు 5 వేల అడుగుల నుండి 25 వేల అడుగుల వరకు ఒకదానిపై ఒకటిగా మెట్లు కట్టి, ఒకే మేఘంలోనికి దూరేవి. పైలట్లకు ఇచ్చిన ఆదేశం మరీ విచిత్రం. లోపల గాలి విమానాన్ని ఎగరవేసినా, పడదోసినా ఎదురాడరాదు. ఇంజను బలాన్ని మార్చక, ముక్కును సమంగా ఉంచి, గాలి తీసుకొని పోయినట్లు పోవలె. ఎందుకంటే విమానం ఎంత లేచినదో, ఎంత పడినదో అదే గాలికి కొలత. ఆపదలో చేతులు చక్రం మీద బిగుసుకొనటం మానవ స్వభావం. ఆ స్వభావాన్ని అణచుకొని కూర్చున్న ఆ పైలట్ల పేర్లు చాలావరకు పుస్తకాలలోనికి ఎక్కలేదు.

ఈ విధంగా 1,300 సార్లకు పైగా మేఘభేదనం జరిగినది. పిడుగులు తాకినవి, వడగండ్లు రెక్కలను సొట్టపోగొట్టినవి. వారు తెచ్చిన ఫలితం 1949లో ఒక పెద్ద గ్రంథంగా వెలువడినది. ఉరుముల మేఘం ఒక ముద్ద కాదు, కణాల సముదాయం అని అందులో తేల్చినారు. ప్రతి కణానికీ మూడు దశలు. బాల్యంలో గాలి అంతా పైకే. ప్రాయంలో ఒక ప్రక్క పైకీ, చినుకులు ఈడ్చుకొని వచ్చే చల్లని గాలి మరొక ప్రక్క క్రిందికీ. వార్ధక్యంలో క్రిందికి మాత్రమే. ఈ జీవితమంతా గంట లోపు. వాన పడే ముందు మన వాకిట్లో ఒక్కసారిగా చల్లగాలి వీచి, దుమ్ము లేచి, తలుపులు కొట్టుకొంటాయి గదా. ఆ గాలి ఏ ఎత్తు నుండి ఎందుకు దిగివచ్చినదో రూఢిగా చూపినది ఆ విమానాలే.

1950ల మధ్య నుండి ప్రయాణికుల విమానాలకు కూడా వానను చూపే రాడార్ అమర్చటం మొదలైనది. ఇరుకైన ముక్కులో చిన్న ఏరియల్‌తో సన్నని కిరణం కావలెనంటే 3 సెం.మీ. తరంగమే అనువైనది. కాని ప్రకృతి ఒక చేత్తో ఇచ్చి మరొక చేత్తో తీసుకొన్నది. ఆ తరంగం చినుకులను చక్కగా చూడగలదు, కాని పెద్ద వానలో దూరి పోజాలదు; సగం దారిలోనే అలసిపోతుంది. అందువలన భయంకరమైన వాన వెనుక అంతకంటె భయంకరమైన వాన ఉంటే, తెర మీద అక్కడ ఏమీ లేనట్లు నల్లగా కనబడుతుంది. నలుపు అంటే నిర్మలాకాశమనుకొంటే మోసపోయినట్లే.

1977 ఏప్రిల్ 4న అమెరికాలో జార్జియా రాష్ట్రంపై ఒక డి.సి.-9 విమానం ఉరుముల వానలో చిక్కుకొన్నది. పైలట్లు తమ రాడార్ చూపినదానిని ఆధారం చేసుకొని మేఘాల నడుమ మార్గం వెదికినారు. లోపల కురుస్తున్న నీరూ వడగండ్లూ మ్రింగి రెండు ఇంజనులూ ఆగిపోయినవి. న్యూ హోప్ అనే ఊరి వద్ద రహదారి మీద దించే ప్రయత్నం విఫలమై, విమానంలోనివారూ నేలమీదివారూ కలిసి 70 మందికి పైగా ప్రాణాలు కోల్పోయినారు. రాడార్ ఉన్నది మేఘంలో దారి వెదకటానికి కాదు, మేఘాన్ని తప్పించుకొనటానికి అనే పాఠాన్ని ఆ విచారణ గట్టిగా చెప్పినది. తరంగం వానలో అలసిపోతుందన్న విషయం శాస్త్రజ్ఞులకు రైడ్ కాలం నుండే తెలుసు. తెలిసినవారికీ, తెలియవలసినవారికీ మధ్య ముప్ఫై యేండ్ల దూరం ఉండటం నాకు ఎప్పుడూ బాధ కలిగించే సంగతి.

ఇంతవరకు చెప్పినదంతా తరంగాన్ని పంపి ప్రతిధ్వని వినే పద్ధతి. రెండవ పద్ధతిలో ఏమీ పంపరు, ఊరక వింటారు. మీ ఇంటి రేడియో చేసే పనీ ఇదే. అయితే అక్కడ పలికేవారెవరు? వానే పలుకుతుంది. వేడి ఉన్న ప్రతి వస్తువూ, మంచుగడ్డతో సహా, ఎంతో కొంత సూక్ష్మతరంగాలను వెలువరిస్తూ ఉంటుంది. అది మన చెవికి అందని సన్నని హోరు. దానిని పట్టే గ్రాహకానికి రేడియోమీటరు అని పేరు.

దీని పుట్టుక కూడా ఒక యుద్ధకాలపు పొరపాటు నుండే. 10 సెం.మీ. తరంగం బాగున్నది గనుక ఇంకా చిన్నదైతే ఇంకా బాగుంటుందని అమెరికాలో 1.25 సెం.మీ. రాడార్లు నిర్మించినారు. తీరా చూస్తే గాలిలోని నీటి ఆవిరి సరిగా ఆ ప్రాంతపు తరంగాలనే మ్రింగివేస్తున్నది! ఉక్కపోత ప్రదేశాలలో ఆ రాడార్ గుడ్డిదైనది. ఎంత మ్రింగుతున్నదో కొలవటానికి రాబర్ట్ డికీ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు ఒక సూక్ష్మమైన గ్రాహకాన్ని నిర్మించి, 1946లో దాని వివరాలు ప్రకటించినారు. అది ఏరియల్ నుండి వచ్చే హోరునూ, తెలిసిన వేడి గల మరొక వస్తువు హోరునూ వెంటవెంటనే మార్చి మార్చి విని పోల్చుతుంది. సంగీతంలో శ్రుతిని మాటిమాటికీ సరిచూచుకొనటం వంటిదే.

విమానంలో దీనిని క్రిందికి త్రిప్పి సముద్రం మీద ఎగిరితే ఒక చిత్రం కనబడుతుంది. సూక్ష్మతరంగాల దృష్టికి సముద్రం చాలా చల్లనిది. నీరు వెచ్చగానే ఉన్నా, తన వేడికి తగిన హోరులో సగానికి తక్కువే బయటకు వదులుతుంది. ఆ చల్లని చాప మీద వానజల్లు వెచ్చగా మెరుస్తుంది. తరంగాన్ని మూడు నాలుగు మిల్లీమీటర్లకు తగ్గించినామా, బొమ్మ తారుమారవుతుంది. మేఘశిఖరాన ఉన్న మంచుపలుకులు క్రింది నుండి వచ్చే హోరును చెల్లాచెదరు చేస్తాయి గనుక పెద్ద మేఘమే చల్లగా, చీకటి మరక వలె కనబడుతుంది. నేల సముద్రం వలె చల్లగా కనబడదు కాబట్టి, నేల మీది వానను పట్టటానికి ఈ మంచు ఆనవాలే దిక్కు. 1990ల ఆరంభం నుండి అమెరికా వారి ఇ.ఆర్.-2 విమానం సుమారు 20 కిలోమీటర్ల ఎత్తున, ఉరుముల మేఘాలకు కూడా పైన ఎగురుతూ, 2.8 సెం.మీ. మొదలు 3.5 మి.మీ. వరకు నాలుగు తరంగాలపై ఒకేసారి విన్నది. 1997 నవంబరులో ఆకాశానికి ఎగసిన ఉష్ణమండల వర్షమాన ఉపగ్రహం చెప్పే లెక్కలను నమ్మటానికి ఇటువంటి విమానాల సాక్ష్యం తోడ్పడినది.

సముద్రం చల్లగా కనబడుతుందన్నాను. గాలి చెలరేగి నురుగు లేస్తే మాత్రం అది వేడెక్కినట్లు కనబడుతుంది. విలియం నోర్డ్‌బెర్గ్ బృందం విమానం నుండి దీనిని కొలిచి 1971లో ప్రకటించినది. దీని విలువ తుపాను సమయంలో గాని తెలియదు. తుపాను గాలి సముద్రం మీద ఎంత జోరుగా వీస్తున్నదో తెలిస్తేనే తీరంలోని ఊరికి సరియైన హెచ్చరిక చెప్పగలం. కాని అక్కడికి దిగి కొలిచేవారెవరు?

దిగినవారు ఉన్నారు. 1989 సెప్టెంబరు 15న బార్బడోసు దీవికి తూర్పున హ్యూగో తుపానులోనికి అమెరికా వాతావరణ సంస్థ వారి పి-3 విమానం ప్రవేశించినది. సముద్రానికీ గాలికీ మధ్య జరిగే వ్యవహారం తెలుసుకొనాలని కేవలం 450 మీటర్ల ఎత్తున పోయినారు. తుపాను వారు ఊహించినదానికంటె ఎంతో బలమైనదిగా తేలినది. కంటి చుట్టూ ఉండే మేఘకుడ్యంలో విమానం ఒక ఎండుటాకు అయినది. నాలుగు ఇంజనులలో ఒకటి మంటలు క్రక్కినది. విమానం 300 మీటర్ల లోపుకు పడిపోయి, చివరి క్షణంలో తుపాను కంటిలోని ప్రశాంతతలో తేలినది. మూడు ఇంజనులతో, చుట్టూ గోడల వంటి మేఘాల నడుమ, ఇంధనం పారబోసుకొంటూ, సుమారు గంటసేపు గుండ్రంగా తిరుగుతూ ఎత్తు సంపాదించినారు. సహాయానికి వచ్చిన ఒక వైమానిక దళపు విమానం మేఘకుడ్యంలో కాస్త మెత్తని చోటు వెదికి దారి చూపగా క్షేమంగా బయటపడినారు. తరువాత అంత దిగువన బలమైన తుపానులలో ప్రవేశించే సాహసం మానుకొన్నారు.

ఆ సాహసానికి బదులుగా నిలిచినది పైన చెప్పిన వినికిడి యంత్రమే. 1980లో అలెన్ తుపానులో మొదటిసారి ఎగిరిన ఒక రకపు రేడియోమీటరు, సుమారు 4 నుండి 7 సెం.మీ. మధ్య తరంగాలను ఒకదాని తరువాత ఒకటిగా వింటుంది. నురుగు హోరు అన్ని తరంగాలలోను ఇంచుమించు ఒకే తీరున పెరుగుతుంది. వాన హోరు మాత్రం చిన్న తరంగాలలో ఎక్కువ. ఈ భేదాన్ని పట్టుకొని, గాలి ఎంత, వాన ఎంత అని రెండింటినీ విడదీయవచ్చు. మూడు కిలోమీటర్ల ఎత్తున ఉండి సముద్రం మీది గాలిని చెప్పవచ్చునన్నమాట. అయినా ఇది నిత్యోపయోగంలోనికి రావటానికి దాదాపు పాతికేళ్ళు పట్టినది. వాన మరీ జోరైనప్పుడు లెక్క తప్పుతున్నదని తెలిసి సమీకరణాలను మళ్ళీ మళ్ళీ దిద్దవలసివచ్చినది.

మన తూర్పుతీరపువారికి తుపాను అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. దేశంలో తుపానులను కనిపెట్టే మొదటి రాడార్ 1970లో విశాఖపట్నంలోనే వెలసినది. కాని అది నేల మీది కన్ను. భూమి గుండ్రన కాబట్టి దాని చూపు కొన్ని వందల కిలోమీటర్లకు మించదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేలాది ప్రాణాలను తీసుకొనిపోయినది. ఆ తరువాత రెండేండ్లకు, 1979 జూలైలో, అంతర్జాతీయ ఋతుపవన పరిశోధనలో భాగంగా అమెరికా వారి పి-3 విమానమొకటి బంగాళాఖాతంలోని వాయుగుండంలో ఎగిరినది. గోపురాల వలె లేచిన మేఘాలే కాక, వాటిని ఆనుకొని విశాలంగా పరచుకొన్న పొరమేఘాలు కూడా వానను సమృద్ధిగా కురిపిస్తున్నవని ఆ విమానం తెచ్చిన రాడార్ చిత్రాలు, మంచుపలుకుల చిత్రాలు చూపినవి. మన ఋతుపవనపు ముసురు స్వభావం అది. అట్లాంటిక్ తుపానులలోనికి వలె బంగాళాఖాతపు తుపానులలోనికి ఏటేటా విమానాలను పంపే ఏర్పాటు మాత్రం మనకు స్థిరపడలేదు. నా దృష్టిలో ఇది చిన్న కొరత కాదు. ఉపగ్రహం ఎంత గొప్పదైనా దాని మాటను సరిచూడటానికి ఎవరో ఒకరు మేఘం దగ్గరకు పోవలసినదే.

ఉపగ్రహాల విషయంలో మనం వెనుకబడలేదు. 1979లోనే భాస్కర ఉపగ్రహం సూక్ష్మతరంగాల రేడియోమీటరును మోసినది. 2011 అక్టోబరు 12న శ్రీహరికోట నుండి భారత, ఫ్రెంచి దేశాల ఉమ్మడి ఉపగ్రహం మేఘా-ట్రోపిక్స్ ఎగసినది. అందులో వానను వినే పరికరం పేరు మద్రాస్. పేరు విని మన పాత రాజధాని అనుకొనరాదు, అది కొన్ని మాటల తొలి అక్షరాల కూర్పు. ఉపగ్రహం పైకి పోయిన కొద్దివారాలకే, ఆ నవంబరు, డిసెంబరు మాసాలలో, ఫ్రెంచివారి ఫాల్కన్ విమానం మాల్దీవులలోని గాన్ దీవి నుండి లేచి, మేఘాలను రాడార్‌తో పరీక్షించి, పై నుండి విన్నదానికి క్రింద సాక్ష్యం చెప్పినది. మద్రాస్ పరికరం 2013 జనవరిలో తిరగటం ఆగి మూగవోయినది. గాలిలోని తేమను వినే దాని తోడు పరికరం మాత్రం మరికొన్ని యేండ్లు పనిచేసినది. 2023 మార్చి 7న, మిగిలిన ఇంధనంతో ఉపగ్రహాన్ని ఉద్దేశపూర్వకంగా క్రిందికి దించగా, అది పసిఫిక్ సముద్రం మీది ఆకాశంలో కాలిపోయినది.